సడ్డకుడి పడవకు నేను కొట్టిన కొబ్బరికాయ

ఈ ఏడాది వార్ధా నది దిగువన అవతలి ఒడ్డుకు కొత్త రాష్ట్రం వచ్చింది. అక్కడుండే మా సడ్డకుడికి, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడికి, కొత్త పడవ వచ్చింది. ఇవతల, పాత రాష్ట్రంలోనే, బల్లార్‌పూర్‌లో ఉన్న నాకు కడుపుమంట వచ్చింది.

వాలుగ చేపల వేట కోసమని, అడుగు ‘వీ’ అక్షరంలా లోతుగా ఉన్న పడవను ఏరి కొన్నాడు. వరదలోనూ అలల్ని కోసుకుంటూ పోతుందట. చదునైన అడుగున్న నా పాత పడవ చిన్న అలకే డప్పులా మోగుతుంది.

పెద్దల్లుణ్ణి కాబట్టి, ఈ రోజు దానికి కొబ్బరికాయ కొట్టే మర్యాద నాదే. దుకాణంలో కాయలన్నీ ఊపి చూసి, నీళ్ళ చప్పుడు లేనిదే తీసుకున్నాను. కుళ్ళినదైతే అపశకునమని పడవ నాలుగు రోజులైనా ఒడ్డునే ఉంటుందని ఆశ.

కొట్టాను. లోపల తెల్లగా, పిడికెడంత పువ్వు! అంతకు మించిన శుభం లేదని అందరూ దండం పెట్టారు.

“నీది మస్తు మంచి చెయ్యి అన్నా! గిసోంటి కాయ ఏడ దొరికింది?” అన్నాడు సడ్డకుడు తడి కళ్ళతో.

“శానా ఏరి తెచ్చిన తమ్మీ,” అన్నాను. అబద్ధమేమీ కాదు కదా!

మొదటి వేటలోనే నా నడుమెత్తు వాలుగ పడింది. పెద్ద ముక్క నాకే కట్టిచ్చాడు. ఇప్పుడే తిన్నాను. పులుసు అద్భుతంగా ఉంది, అదే నా బాధ. మీరైతే తినేవారా?