బొల్లారం గేటు, పెళ్లి కేకు, మా వదిన ప్రార్థన

సికింద్రాబాద్ నుంచి మెదక్‌కు కారులో రెండు గంటల దారి అంటారు. నడివేసవిలో, పెళ్లి కేకు ఒళ్లో పెట్టుకుని, మా ఆయన డ్రైవింగ్‌లో వెళితే ఎంతసేపు పడుతుందో తెలుసుకోవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను.

మా అక్క కూతురు ప్రిసిల్లా పెళ్లి మెదక్‌లో. పదకొండింటికి చర్చి, అక్కడినుంచి హాలు, కేకు కోయగానే భోజనాలు. కేకు అక్కడే ఏదో బేకరీలో చెబుదామని అక్క అంటుంటే, "పిల్ల పెళ్లికి ఆ మాత్రం కేకు నేను తేలేనా?" అని నలుగురిలో నోరు జారాను. అన్నాక తేవాలిగా. అల్వాల్‌లో నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఇంట్లోనే కేకులు చేస్తుంది. మూడంతస్తుల కేకు, పైన వెన్న క్రీముతో గులాబీలు పెట్టమని చెప్పాను. వేసవి సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

ఉదయం ఆరున్నరకు పద్మారావు నగర్‌లో ఇంటి ముందే కారెక్కాం. స్టీరింగు ముందు మా ఆయన దాసు, పక్కన నేను, వెనక మా వదిన రూతమ్మ. వదిన అంటే మా ఆయనకు అక్క. పెద్దాసుపత్రిలో ఏళ్ల తరబడి క్యాజువాల్టీ నర్సుగా చేసి, రిటైరయ్యాక మాతోనే ఉంటోంది. కారెక్కితే చాలు, ప్రార్థన కానిదే కదలనివ్వదు. కూరగాయలకు వెళ్లినా అంతే, దిగి మళ్లీ ఎక్కినా అంతే. ఆవిడ ఉక్క ఓర్చుకోలేదని మా ఆయన ముందుగా తాళం సగం తిప్పి ఫ్యాను పెడతారు. ఆవిడ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతుంది. మేం ఆమెన్ కోసం ఎదురుచూస్తాం. అది మాత్రం రాదు. "ఇగ పోనీ రా" అంటుంది. ఆమెన్ లేని ప్రార్థనేమిటి వదినా అని ఒకసారి అడిగితే, "నీకెందుకే" అంది. మళ్లీ అడగలేదు.

అల్వాల్‌లో కేకు ఎక్కించుకోవడానికి పావుగంట పట్టింది. కింది రెండంతస్తులు వెనక సీట్లో వదిన పక్కన, గులాబీల అంతస్తు నా ఒళ్లో. ఈ దారిన వెళ్లేవాళ్లు ఇడ్లీలు అల్వాల్‌లోనే తినేయడం మంచిది. మేం తర్వాత చూద్దాంలే అనుకుని మాడాం. మళ్లీ ప్రార్థన, మళ్లీ "పోనీ రా", కారు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

బొల్లారం దాటాక రైల్వే గేటు పడింది. మా ఆయన ఇంజను ఆపేశారు. గేటు పడితే ఇంజను ఆపడం ఆయన పుట్టుకతో వచ్చిన గుణం. ఒక గూడ్సు పోయింది, దాని వెనకే ఇంకో బండి. గేటు లేచింది. తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. మళ్లీ తిప్పారు, మళ్లీ అంతే. వెనక హారన్లు మొదలయ్యాయి.

"అన్నా, జెర పక్కకు పెట్టుకో. నా సవారీకి ట్రైన్ పోతది" అన్నాడు వెనకున్న ఆటో డ్రైవరు, లోపల కూర్చున్న ప్యాసింజరును చూపిస్తూ, కోపం లేకుండానే. తనే దిగి, ఇంకొకతన్ని పిలిచి, మా కారును పక్కకు తోశాడు. "అగో, ఆ రేకుల షెడ్డు యూసుఫ్ భాయ్‌ది. మంచిగ చేస్తడు" అని చూపించి వెళ్లిపోయాడు.

మా ఆయన బ్యాటరీ అన్నారు. ఆయనకు తెలిసిన కారు జబ్బు అదొక్కటే. ఇంజను లేకపోతే ఏసీ లేదు. చూస్తుండగానే ఒక గులాబీ పక్కకు ఒరిగింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. వెనకనుంచి వదిన శుభలేఖతో కేకుకు విసరడం మొదలుపెట్టింది.

యూసుఫ్ భాయ్ యాభై దాటిన మనిషి. షెడ్డు అప్పుడే తీస్తున్నాడు. ఒకసారి సెల్ఫ్ కొట్టించి విన్నాడు. "బ్యాటరీ మంచిగనే ఉంది సార్. గట్టిగనే తిరుగుతుంది గద. ఇది పెట్రోలు తక్లీఫ్" అన్నాడు. పెట్రోలు మూత తీసి, "మేడం, మీరు జెర చెవి పెట్టుండ్రి. సార్ తాళం సగమే తిప్పాలె" అన్నాడు. కేకు సీట్లో దించి, పట్టుచీరతో పెట్రోలు టాంకీకి చెవి ఆనించాను. లోపల సన్నగా జుయ్‌మని మోగి ఆగింది. పంపు పనిచేస్తోందన్నమాట.

తర్వాత ఇంజను దగ్గర పెట్రోలు పైపుకు ఒక గేజీ తగిలించాడు. తాళం తిప్పితే ముల్లు పైకి లేచింది. తీసేస్తే మెల్లమెల్లగా దిగి సున్నా దగ్గర పడుకుంది.

"ప్రెషర్ నిలుస్తలేదు సార్. బండి బంద్ చేయంగనే పైపుల పెట్రోలు వాపస్ టాంకిలకు పోతుంది. కని ఇది ఇయ్యాల షురూ అయిన రోగం కాదు. పొద్దుగాల ఇంటి దగ్గర ఎట్ల స్టార్ట్ అయింది?"

"ఒక్క సెల్ఫ్‌కే" అన్నారు మా ఆయన. "అల్వాల్‌లో కూడా అంతే. ఎప్పుడూ సతాయించలేదు."

"మరి ఈడేమైంది?"

కడుపు మంటలో ఉన్నాను. "ఇక్కడ ఎవరం దిగలేదు కదా, మా వదిన ప్రార్థన చేయలేదు" అన్నాను.

యూసుఫ్ భాయ్ నవ్వలేదు. "ప్రార్థన చేసేటప్పుడు తాళం ఏడుంటది మేడం?" అన్నాడు.

మా ఆయనా నేనూ మొహాలు చూసుకున్నాం. తాళం సగం తిప్పి ఉంటుంది, వదినకు ఫ్యాను కోసం. అంటే ఆవిడ కళ్లు మూసుకోగానే పంపు జుయ్‌మని పైపు నింపేస్తోంది. ఆ తర్వాత సెల్ఫ్ కొడితే అందుకోక ఏం చేస్తుంది? ఈమధ్య వదిన లేకుండా మేం కారు తీసిందీ లేదు, దారిలో గేటు పడిందీ లేదు. గేటు దగ్గర మా ఆయన కంగారులో తాళం ఒకేసారి చివరిదాకా తిప్పారు.

"సెల్ఫ్ తిరిగేటప్పుడు కరెంటంత అదే గుంజుకుంటది. పంపుకు తాకత్ చాలది" అన్నాడు యూసుఫ్ భాయ్. తాళం సగం తిప్పి కాసేపు ఆగి, తీసి, మళ్లీ సగం తిప్పి ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టమన్నాడు. ఇంజను ఏమీ ఎరగనట్టు అందుకుంది. "పంపు మార్చాలె. టాంకి దించాలె, ఒక పూట పడతది. ముందు పెండ్లి చేస్కోని రాండ్రి. ఏడ ఆగినా గిట్లనే చేయుండ్రి."

మేడ్చల్, తూప్రాన్ ఎలా దాటామో నాకు తెలియదు. నా కళ్లు గులాబీల మీదే ఉన్నాయి. పదిన్నరకు మెదక్ చేరేసరికి మూడు పూలు కారిపోయి ఉన్నాయి. వదిన చేతులు కడుక్కుని, చెంచా ఐసు నీళ్లలో ముంచి, కుట్లు వేసినంత ఓపిగ్గా వాటిని సరిచేసింది. ప్రిసిల్లా కేకు చూసి, "పిన్నీ, మస్తుంది" అని నన్ను కావలించుకుంది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. పెళ్లి బిర్యానీ రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

నాలుగింటికి తిరుగుప్రయాణం. మమ్మల్ని సాగనంపడానికి చుట్టాలంతా కారు చుట్టూ చేరారు. మా ఆయనకు కొత్తగా అబ్బిన జ్ఞానం ఆగుతుందా? గేటు కథంతా చెప్పి, "అక్కా, ఇంక నీ ప్రార్థనతో పన్లేదు. తాళం తిప్పి అయిదంకెలు లెక్కబెడితే చాలు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వదిన నవ్వలేదు. "బండి స్టార్ట్ కావాలని నేనెన్నడు ప్రార్థన చేసిన్రా?" అంది. "క్యాజువాల్టీకి వచ్చినోళ్ల బండ్లన్నీ పొద్దుగాల మంచిగనే స్టార్ట్ అయినయి."

మా ఆయన తాళం సగం తిప్పి, ఫ్యాను పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. అంకెలు లెక్కబెట్టినట్టు లేరు. నేనూ కళ్లు మూసుకున్నాను, ఈసారి ఆమెన్ కోసం చూడకుండా. "ఇగ పోనీ రా" అంది వదిన.

దారి సాఫీగా సాగింది. బొల్లారం గేటు తెరిచే ఉంది. చీకటి పడుతుండగా పద్మారావు నగర్ చేరాం. ఎప్పుడూ కారు ఆగకముందే సంచి సర్దుకుని తలుపు తీసేదాన్ని. ఆరోజు అలసిపోయి అలాగే కూర్చున్నాను. మా ఆయన హ్యాండ్ బ్రేకు లాగి ఇంజను ఆపారు.

వెనక సీట్లోంచి, ఎవరికీ వినపడనక్కర్లేదన్నంత మెల్లగా, "ఆమెన్" అంది వదిన.

నేనూ అన్నాను.