మా అత్త ముక్కు

కార్తీకం చివర్లో బెంగళూరులో చలి మొదలవుతుంది. ఆ చలితోబాటే మార్కెట్టులో చిక్కుడు జాతి అనపకాయల మూటలు దిగుతాయి. మంచుకు తడిసి పెరిగిన కాయ తొక్క మీద జిడ్డుజిడ్డుగా ఒక వాసన ఉంటుంది. దాన్ని సొగడంటారు. సొగడున్న కాయలే ఏరి కొని, ఒలిచి, గింజలు నానబెట్టి, పైతొక్క ఊడేలా పితికి, ఆ పితికిపప్పుతో వడలూ, చారులాంటి సారూ చేసి ఏటా జరిగే అనపకాయల మేళాలో అమ్మడం మా ఇంటి పని. ముప్ఫై ఏళ్ళుగా ఆ కాయలు ఏరేది మా అత్త మునివెంకటమ్మే. మా అంగడికి జనం వచ్చేది ఆమె ముక్కు మీద నమ్మకంతోనే.

నేను కదిరి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ ముక్కుతో పెద్ద తంటా. నేను ఏరిన కాయను ఒక్కసారి వాసన చూసి వెనక్కి విసిరేసేది.

"ఏమ్మే వనజా, మీ కదిరిలో ముక్కులుండేది పుడక పెట్టుకునేదానికేనా?" అని నలుగురిలో అనేది.

నాకు ఒళ్ళు మండేది. తీరా చూస్తే ఆమె చెప్పిందే నిజమయ్యేది. దాంతో ఇంకా మండేది.

రెండేళ్ళ కింద ఆమెకు వారం రోజులు జ్వరం వచ్చి తగ్గింది. అప్పటినుంచి మార్కెట్టులో తీరు మారింది. కాయ తీసి, రెండు వేళ్ళతో నలిపి, నా ముక్కు దగ్గర పెట్టేది. "చూడు" అనేది, అంతే. నా మొహం వైపే చూసి, మూట తీసుకోవడమో పక్క మూటకు పోవడమో చేసేది. అది నాకు పెట్టే పరీక్ష అనుకున్నాను. రోజూ పాసవుతున్నానని లోపల్లోపల మురిసిపోయాను కూడా. నా తెలివి అంతవరకే.

ఈ ఏడు మేళాకు మూడు రోజుల ముందు ఇంట్లో పొయ్యి మీద గిన్నె అడుగంటింది. నేను మిద్దె మీద గింజలు ఆరబోస్తున్నాను, అక్కడికి కొట్టింది మాడు వాసన. పరుగెత్తుకుంటూ దిగాను. అత్త పొయ్యికి వీపు పెట్టి, బారెడు దూరంలో కూర్చుని పప్పు పితుకుతోంది. గిన్నె దించిన చప్పుడుకు గానీ తిరగలేదు.

"ఎన్నాళ్ళయింది అత్తా?" అన్నాను.

"జ్వరమొచ్చినప్పటినుంచి ఏ వాసనా రాదు. ఎవురికీ చెప్పొద్దమ్మే. ముక్కు పోయిందని తెలిస్తే అంగడికి ఎవురొస్తారు? నేను మాత్రం ఎందుకుండాల?"

ఇన్నేళ్ళు నన్ను ఏడిపించిన మనిషి, పితికిన పప్పు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా కూర్చుంది. చెప్పనని మాటిచ్చాను. ఎవరన్నా అడిగితే నేను ముక్కుపుడక ముట్టుకుంటే సొగడున్న కాయ, ముట్టుకోకపోతే లేనట్టు అని ఇద్దరం అనుకున్నాం.

మేళా మొదటిరోజు మా అంగడి ముందు నిలబడేందుకు చోటు లేదు. దొడ్డబళ్ళాపురం నుంచి ఏటా వచ్చే రైతు పెద్దన్న ఈసారి స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చాడు. రెండు చేతుల్లో రెండు గుప్పెళ్ళ కాయలున్నాయి.

"ఒకటి మా చేలోది, సొగడుండేది. ఇంగొకటి సంతలోది, సొగడు లేంది. మునివెంకటమ్మ వాసన చూసి చెప్పేస్తుందని వీళ్ళ దగ్గర పందెం కాసినా. చెప్పమ్మా!"

వడలు తినేవాళ్ళు కూడా నమలడం ఆపి చూస్తున్నారు. అత్త మొదటి గుప్పెట్లోంచి ఒక కాయ తీసి, అలవాటు ప్రకారం నలిపి నా వైపు పట్టింది. సొగడు గుప్పున కొట్టింది. నేను ముక్కుపుడక ముట్టుకున్నాను.

అత్త నా వేలి వంక చూసింది. నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. కాయను పళ్ళెంలో పెట్టేసింది.

"అప్పా, నా ముక్కు పోయి రెండేండ్లాయె. ఈ రెండేండ్లూ మీరు బాగుండాది బాగుండాది అని తినిందంతా మా కోడలు ఏరిన కాయే. అడిగేదుంటే దాన్ని అడుగు."

పెద్దన్న కాసేపు అత్తనూ, కాసేపు నన్నూ చూశాడు. తర్వాత రెండో గుప్పెడు నా మొహం దగ్గరికి తెచ్చాడు.

నేను గట్టిగా పీల్చాను. వాసనేమీ రాలేదు. మళ్ళీ పీల్చాను. కళ్ళలోంచి కారేది ఆగడం లేదు, ముక్కు రెండు వైపులా బిగదీసుకుపోయింది.

"ఏమీ తెలీడంలేదు అత్తా" అన్నాను.

అత్త తన కొంగు తీసి, నలుగురూ చూస్తుండగా నా ముక్కు తుడిచింది.

"ఒక్క నిమిషం ఆగండప్పా" అంది వాళ్ళతో. "మా అంగడి ముక్కు ఏడుస్తా ఉండాది."