వకీలు గారి ఇల్లు ఎవరిది?

మీరు గౌరవించే మనిషి జీవితాన్ని, ఆయన పోయాక, నలుగురికీ నచ్చేలా మార్చి చెప్పినవాణ్ని మీరు ఏమంటారు? అబద్ధాలకోరు అంటారా? ఏళ్ల తరబడి ఆ మాట నన్ను నేనే అనుకుంటూ, పైకి మాత్రం నిజాయితీ గురించి వ్యాసాలు రాస్తూ వచ్చాను. ఇక మోయలేను.

కరీంనగర్‌లో మన హేతువాద సంఘానికి అండగా ఒక వకీలు ఉండేవారు. హిజ్రాల మీద, కలిసి బతుకుతున్న మగవాళ్ల మీద పోలీసులు కేసులు పెడితే ఫీజు లేకుండా వాదించేవారు. అయినవాళ్లు గెంటేసిన అలాంటివాళ్లకు తన ఇంటి కింది భాగం వదిలేశారు. తానూ మగవాణ్ని ప్రేమించే మనిషినేనని నాకు దాచకుండా చెప్పారు. చివరికి ఆ ఇంటిని సంఘానికి రాసిచ్చారు, ఇంట్లో చోటు దక్కనివాళ్ల కోసమని. వాళ్లెవరో నాకు బాగా తెలుసు.

ఆయన పోయాక, సంఘం కార్యదర్శిగా సంస్మరణ సభ నిర్వహించింది నేనే. మన సభల్లో పూజలుండవు, దండలుండవు. వచ్చినవాళ్లెవరైనా మైకు అందుకోవచ్చు. అది మనం గర్వంగా చెప్పుకునే పద్ధతి. ఆ రోజు మాత్రం మాట్లాడేవాళ్లను నేనే ముందుగా ఖాయం చేశాను. మల్లికను హాలు మెట్ల దగ్గరే ఆపాను. మగ్గాలు నడిపే ఇంట్లో కొడుకుగా పుట్టి, ఆడమనిషిగా బతుకుతానన్నందుకు తరిమేస్తే, వకీలు గారి ఇంట్లో నిలదొక్కుకున్న మనిషి ఆమె. లోపల కూర్చోమన్నాను. వేదిక మీదికి మాత్రం రావద్దని, సంఘం పేరు చెడుతుందని చెప్పాను.

ఆమె నవ్వింది.

“మా పేరు ఎన్నడు మంచిగుండె సారూ, గిప్పుడు ఖరాబు కానీకి? దేవుడు లేడని మీరంటె ఊరోళ్లు రాళ్లేసిండ్రు. గప్పుడు వకీల్ సార్ మీకు అడ్డం నిలవడ్డడు. గిప్పుడు ఆయన పక్కన నిలవడనీకి మీకు భయమైతుందా?”

“జర సమజ్ చేస్కో మల్లికా. ఇయ్యాల్టికి ఊకో,” అన్నాను.

ఆమె లోపలికి రాలేదు. నేను వేదికెక్కి, వకీలు గారు ప్రజాసేవ కోసం బ్రహ్మచారిగా మిగిలారన్నాను. ఇంటిని పేద విద్యార్థుల కోసం ఇచ్చారన్నాను. చప్పట్లు మోగాయి.

ఎందుకన్నాను? దేవుణ్ని కాదన్నవాళ్లు చివరికి ఇలా తయారయ్యారని ఊరు నవ్వుతుందనా? నన్నూ అదే కోవలో కలిపేస్తారనా? రెండూ. ఏ దేవుడికీ భయపడనివాణ్ని పక్కింటివాళ్ల నోటికి భయపడ్డాను, ఆ భయానికి ఉద్యమ ప్రయోజనమని పేరు పెట్టుకున్నాను.

ఆ ప్రసంగాన్నే సాకుగా చూపించి సంఘం కమిటీ ఆ ఇల్లు ఖాళీ చేయించింది. విద్యార్థులెవరూ రాలేదు. మల్లిక నిర్మల్‌కు వెళ్లిపోయింది. అక్కడా ఆమెకు ఎవరూ ఇల్లు నిలకడగా అద్దెకివ్వరని విన్నాను. ఇప్పుడు ఒక గ్రానైట్ వ్యాపారి ఆఫీసు కోసం ఆ ఇంటిని లీజుకు అడిగాడు. ఆదివారం సర్వసభ్య సమావేశంలో తీర్మానం. అది నెగ్గితే మల్లికలాంటి వాళ్లకు ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

మల్లికకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎందుకు ఎత్తాలి? మీరు క్షమించాలనీ అడగను. చెప్పేశాక కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.

మీరు సంఘ సభ్యులు. ఆదివారం రండి. ఆ తీర్మానాన్ని ఓడించండి. నన్ను కార్యదర్శి పదవి నుంచి దించండి. మల్లికను పిలిచి, ఆ ఇంటిని ఆమెకూ, ఆమెలాంటి వాళ్లకూ అప్పగించండి.