క్లెమ్ రాడ్లీ ఇంట వెలగని పొయ్యి

మా నారిన్ క్రీక్‌లో చలికాలం మొదలైతే ప్రతి ఇంటి పొగగొట్టమూ పొగ కక్కుతుంది, ఒక్క క్లెమ్ రాడ్లీ ఇంటిది తప్ప. అతని పొగగొట్టంలో పిట్టలు గూళ్ళు కట్టి పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు మళ్ళీ అక్కడే గూళ్ళు కట్టుకున్నా అడిగిన నాథుడు లేడు. పగలంతా వెన్న ఫ్యాక్టరీలో, మంచుగడ్డలాంటి శీతల గదిలో పెట్టెలు మోసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి చల్లారిన మాంసం ముక్కా, రొట్టే తిని, కోటు విప్పకుండానే పడుకునేవాడు. ఊరు అతనికి చలిమనిషి అని పేరు పెట్టింది. పేరు పెట్టడానికి ఊరికి ఖర్చేముంది గనక!

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, ఆస్ట్రేలియాలో మా గిప్స్‌లాండ్ కొండల్లో క్లెమ్‌ని మించి నిప్పు తెలిసినవాడు లేడంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. అడవి కొట్టి పచ్చిక బయళ్ళు చేసుకునే రైతులు పడగొట్టిన చెట్లు కాల్చడానికి అతన్నే పిలిచేవారు. వారాల తరబడి వానలో నానిన మొద్దునైనా సరే, కింద గాలి ఆడే సందు వదిలి, ఎండు పుల్ల ఎక్కడ దూర్చాలో అక్కడే దూర్చి, ఒక్క అగ్గిపుల్లతో అంటించేవాడు. పక్కన కూర్చుని చేతులు కాచుకుంటూ కబుర్లు చెప్పడానికి డెస్ ట్వోమీ వచ్చేవాడు. డెస్ ఊళ్ళో రొట్టెల బండి తోలేవాడు. నోట్లో నువ్వుగింజ నానదు. చలంటే అస్సలు పడదు. వాళ్ళమ్మ అల్లిన నీలం స్వెటర్ ఎండాకాలంలో కూడా నడుముకి చుట్టుకుని తిరిగేవాడు.

ఇద్దరూ ఒకేరోజు సైన్యంలో చేరారు. రైలు కదిలేముందు మిసెస్ ట్వోమీ క్లెమ్ కోటు గుండీ పట్టుకుంది.

"మావాడికి బుర్ర లేదు. నీకుంది. వాణ్ణి నీకప్పజెబుతున్నా, క్లెమ్."

"అలాగేనండీ, మిసెస్ ట్వోమీ," అన్నాడు క్లెమ్. ఇంకేమంటాడు?

సింగపూర్ పడిపోయాక ఇద్దరూ జపాన్ వాళ్ళకి ఖైదీలయ్యారు. ఏడాది దాటాక సరుకుల రైలు పెట్టెల్లో కుక్కి సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి వానలో నడిపించి నడిపించి, బర్మా సరిహద్దు దగ్గర అడవిలో పడేశారు. కొండ తొలిచి రైలు దారి వెయ్యాలి. బూట్లు లేవు, మందుల్లేవు, గుడారాలకి కప్పుల్లేవు. మా వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ప్రతివాడికీ ఒక జతగాడు ఉంటాడు. ఒకడు జబ్బుపడితే రెండోవాడు అతని వంతు అన్నం తెస్తాడు, పుండ్లు కడుగుతాడు, బూతులు తిట్టి లేపుతాడు. జత లేనివాడు ఎక్కువ రోజులు బతకడు. క్లెమ్‌కి డెస్, డెస్‌కి క్లెమ్. స్వెటర్‌కి బదులు కోడిగుడ్లిస్తామని ఎవరడిగినా డెస్ ఇవ్వలేదు.

"ఒరేయ్ క్లెమ్, నీకొచ్చింది ఒకే ఒక్క విద్య. ఒక్కసారి మంచి మంట వెయ్యరా. ఎముకల్లోకి దిగింది చలి."

"మంట వేస్తే కాపలావాడు నీ వీపు వాయగొడతాడు."

"వాయగొట్టనీ. వెచ్చగా ఉంటుంది."

అసలే సగం ప్రాణాలతో ఉన్నవాళ్ళ మీద కలరా వచ్చి పడింది. జబ్బు తగిలినవాళ్ళని దూరంగా గుట్ట మీద గుడారాల్లో పెట్టారు. డెస్‌ని కూడా ఒకరోజు మోసుకుపోయారు. వెంట వెళ్ళబోతే క్లెమ్‌ని రానివ్వలేదు. రెండోరోజు మా వాళ్ళ డాక్టరే అతన్ని పిలిపించాడు.

"రాడ్లీ, నువ్వు అడవులు కాల్చేవాడివట గదా?"

"అవును సార్."

"గొయ్యి తవ్వితే నీళ్ళూరుతున్నాయి. పూడిస్తే జబ్బు వాగులో కలుస్తుంది. ఇక కాల్చాల్సిందే."

"మనుషుల్నా సార్?"

డాక్టరు తల దించుకుని, "మనుషుల్నే," అన్నాడు.

మా ఊళ్ళో మనిషి పోతే పెట్టెలో పెట్టి పూడుస్తాం, పైన రాయి నిలబెడతాం. కాల్చడం మేమెవరం కళ్ళతో చూసినవాళ్ళం కాదు. క్లెమ్ గుట్ట వెనక పచ్చి వెదుళ్ళూ మొద్దులూ కూడేసి, కింద సందు వదిలి, ఎప్పటిలాగే పేర్చాడు. గోనెసంచుల్లో చుట్టిన శవాలని తెచ్చి పైన పెట్టి, మోసినవాళ్ళు జబ్బుకి భయపడి వెళ్ళిపోయారు. చివరి సంచి అంచు నుంచి నీలం ఊలు బయటికి వేలాడుతోంది.

క్లెమ్ సంచి విప్పి మొహం చూడలేదు. చూసే గుండె లేకపోయింది. "మంట వెయ్యమన్నావుగా, ఇదిగో వేస్తున్నా," అన్నాడు. అన్నాక ఏడ్చాడు. ఏడుస్తూనే అంటించాడు.

మంట బాగా అందుకుంది. సంచి కాలిపోయింది. అప్పుడు డెస్ మెల్లగా నడుం ఎత్తి, చెయ్యి ముందుకు చాపి, లేచి కూర్చున్నాడు.

క్లెమ్ కేకపెట్టి మంటలోకి దూకబోయాడు. సెగ వెనక్కి తోసింది. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తోసింది. ఈలోగా మొద్దులు కూలి డెస్ వాటిలోకి ఒరిగిపోయాడు. అరిచినా ఆ వానలో వినేవాళ్ళు లేరు. కలరా గుట్ట వైపు కాపలావాళ్ళు తొంగి కూడా చూడరు.

బతికున్నవాణ్ణి కాల్చేశానా? ఆ ప్రశ్న అతని గుండెలో మేకులా దిగింది. కొన్ని రోజులకి ఆ మేకు మీద ఇంకో దెబ్బ పడింది. శవాలతో పాటు తెచ్చిన ఒక స్ట్రెచర్ మీద మనిషి పెదవులు కదిపి నీళ్ళడిగాడు. డాక్టర్ల తప్పు కూడా కాదు, వాళ్ళూ నిలబడలేక నిలబడి చూస్తున్నారు. కానీ క్లెమ్‌కి ఇక అనుమానం లేకపోయింది. సంచి విప్పి ఉంటే డెస్ కూడా నీళ్ళడిగేవాడు.

ఆనాటి నుంచి ప్రతి సంచీ విప్పేవాడు. ప్రతి గుండె మీదా చెవి ఆనించేవాడు, జబ్బు అంటుకుంటుందన్న భయం కూడా పోయింది. తర్వాత అంటించి, వెనక్కి తిరిగి వాగు దగ్గరికి పోయి, అంతా బూడిదయ్యేదాకా మంట వైపు చూడకుండా కూర్చునేవాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తిరిగి చూసి ఉంటే అతని బతుకు వేరేగా ఉండేది. వాగవతల మలయా రబ్బరు తోటల నుంచి తెచ్చిన అరవ కూలీల మకాం. వాళ్ళ పరిస్థితి మా వాళ్ళకంటే అన్యాయం. వాళ్ళూ కాల్చేవారు. చితి చుట్టూ పొడుగాటి పచ్చి వెదుళ్ళు పట్టుకుని నిలబడేవారు. ఆ వెదుళ్ళెందుకో క్లెమ్‌కి తెలియదు, అడగాలనీ తోచలేదు.

అతన్ని కూడా ఎవరూ ఏమీ అడగలేదు. అతని అన్నం ఒక మొద్దు మీద పెట్టి పోయేవారు, వాళ్ళు కనుమరుగయ్యాక వెళ్ళి తెచ్చుకునేవాడు. కలరా తగ్గాక తిరిగి గుడారాల్లోకి వచ్చాడు. కొత్త జత కడదామని ఒకరిద్దరు పిలిచారు. ఎవరి పక్కనా పడుకోలేకపోయాడు. జత లేకుండానే బతికాడు. ఎందుకు బతికానా అని అతనే ఆశ్చర్యపోయాడు.

యుద్ధం అయిపోయి ఊరికొచ్చాక మిసెస్ ట్వోమీ ఎదురొస్తుంటే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. ఆమెకి ఇంకో బిడ్డ లేదు. సైన్యం వాళ్ళు డెస్ కలరాతో పోయాడని చెప్పారు, అంతే. ప్రతి ఏప్రిల్‌లోనూ పాత సిపాయిల కవాతు అయ్యాక ఆవిడ హాలు గుమ్మంలో కేకుల పళ్ళెం పట్టుకుని నిలబడి, వచ్చే ప్రతి మొహాన్నీ చూసేది. క్లెమ్ వెనక తలుపులోంచి జారుకునేవాడు. ఊరు ఊరుకుంటుందా? డెస్ అన్నం వీడే తినేశాడంది. వాణ్ణి వదిలేసి పారిపోయాడంది. "నిప్పు లేందే పొగ రాదు," అని పబ్‌లో ఒకడు అంటే మిగిలినవాళ్ళు తలలూపారు. నిప్పు సంగతి మా వాళ్ళకే తెలిసినట్టు!

ముప్పై ఏళ్ళు అలా గడిచాయి. పెళ్ళి లేదు, కుక్క కూడా లేదు. ఇల్లు మంచుగడ్డలా ఉండేది, అతనూ అలాగే ఉండేవాడు.

పాత ఖైదీల సంఘం వాళ్ళు సయాం యాత్ర పెడితే క్లెమ్ పేరిచ్చాడు. ఊరంతా నోరు వెళ్ళబెట్టింది. డెస్‌ని కాల్చిన చోట మోకరిల్లి క్షమించమని అడగాలన్నది ఒక్కటే అతని కోరిక. తీరా వెళితే ఆ చోటుకి దారే లేదు. పట్టాలు పీకేశారు, అడవి అంతా మింగేసింది. బస్సు సగం దూరంలోనే, నది ఒడ్డున ఒక పల్లెలో భోజనాలకి ఆగిపోయింది. చేతకాని కోపంతో క్లెమ్ ఒక్కడే ఒడ్డు వెంట నడిచాడు.

గుడి వెనక ఖాళీ స్థలంలో చితి మండుతోంది. చూడకుండా వెనక్కి తిరగబోయాడు. తిరిగేలోపే మంటలో మనిషి నడుం ఎత్తి, చెయ్యి ముందుకు చాపి, లేచి కూర్చున్నాడు.

"బతికున్నాడు! బతికే ఉన్నాడు!"

క్లెమ్ మంటకేసి పరిగెత్తాడు. పొడుగాటి పచ్చి వెదురు పట్టుకున్న ఒక నల్లటి ముసలాయన అడ్డొచ్చి, రెక్క పట్టుకుని ఇవతలికి గుంజాడు. తర్వాత తాపీగా ఆ వెదురుతో శవాన్ని వెనక్కి వంచి పడుకోబెట్టాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపి క్లెమ్ వైపు వింతగా చూశారు.

"మతి పోయిందా దొరా?" అన్నాడు ముసలాయన, రబ్బరు తోటల్లో నేర్చిన ఇంగ్లీషులో. "ఆయన పోయి మూడు రోజులైంది. అదుగో, ఆవిడే పెళ్ళాం. కావాలంటే అడుగు."

"లేచాడు... నేను చూశాను!"

"లేవక? సెగ తగిలితే నరాలు బిగుసుకుంటాయి. అందరూ లేస్తారు. మా అయ్యా లేచాడు, మా అన్నా లేచాడు. రేపు నేనూ లేస్తా, నువ్వూ లేస్తావు. అందుకేగా ఈ వెదురు."

క్లెమ్ నేల మీద కూలబడ్డాడు. ముసలాయన పేరు మునియాండి. మూడు నెలల పనని చెప్పి అతన్ని మలయాలోని పెరాక్ రబ్బరు తోట నుంచి ఆ రైలు దారికి తోలుకొచ్చారట. యుద్ధం అయ్యాక ఇంటికి పోయి చూస్తే తనవాళ్ళెవరూ మిగల్లేదని తెలిసి, తిరిగొచ్చి ఈ పల్లెలోనే ఉండిపోయాడట. క్లెమ్ అతనికి చెప్పాడు. ఎవరికీ చెప్పనిది, ముక్కూ మొహం తెలియని ఆ ముసలాయనకి మొత్తం చెప్పాడు.

మునియాండి నవ్వలేదు. "వాగవతల మావాళ్ళు అంతమంది ఉండేవాళ్ళే దొరా. ఒక్కణ్ణయినా కేకేసి అడగలేదా?"

"అడగలేదు."

"అయ్యో," అన్నాడు మునియాండి. అతని పక్కనే చతికిలబడి, చుట్ట సగం తుంచి ఇచ్చాడు. చితి ఆరేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. బస్సువాళ్ళు హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయారు.

ఇంటికొచ్చిన మర్నాడు క్లెమ్ గడ్డం గీసుకుని చర్చి వీధికి వెళ్ళాడు. మిసెస్ ట్వోమీ తలుపు తీసింది. నడుం వంగిపోయింది, కళ్ళు మాత్రం అవే.

"వచ్చావా? రోడ్డు దాటడానికి ముప్పై ఏళ్ళు పట్టిందా నీకు?"

వంటింట్లో కూర్చోమంటే కూర్చోలేదు. టోపీ చేతిలో నలుపుతూ నిలబడే చెప్పాడు. సంచి విప్పలేదని చెప్పాడు, స్వెటర్ సంగతి చెప్పాడు, డెస్ లేచాడనీ, మునియాండి ఏమన్నాడనీ చెప్పాడు. ఆవిడ బల్ల అంచు పట్టుకుని కదలకుండా వింది.

"అయితే ఆఖర్న వాడి దగ్గరున్నది నువ్వేనా?"

"నేనేనండీ. ఇంకెవరూ లేరు."

"నేనేమో ఎవడో తెలియనివాడు వాణ్ణి గోతిలోకి తోసేశాడనుకున్నా, ఇన్నాళ్ళూ." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "పరాయి దేశం పోయే పిల్లాడివి, నీ నెత్తిన వాడి బరువు పెట్టాను. అందుకే నా మొహం చూడలేకపోతున్నావనుకున్నా. తప్పయింది నాయనా అని చెబుదామనే ప్రతి ఏడూ ఆ గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు ఎటు పోయేవాడివో ఏమో."

"వెనక తలుపు," అన్నాడు క్లెమ్.

ఆవిడ నవ్వింది. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు జారాయి. తుడుచుకుని, "అక్కడ వాన అన్నావు. తడిసి ఉన్నాడా?" అని అడిగింది.

"తడిసే ఉన్నాడండీ."

"మంట బాగా అందుకుందా?"

"బాగా అందుకుందండీ."

"మంచిదయింది. వాడికి చలి పడేది కాదు," అంది.

పొయ్యి ఆరిపోయి వంటిల్లు చల్లబడింది. మునుపటిలా వంగి రాజెయ్యలేకపోతున్నానని ఆవిడ కట్టెల బుట్ట చూపించింది. క్లెమ్ టోపీ బల్ల మీద పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బూడిద తీశాడు. కింద గాలి ఆడే సందు వదిలి, ఎండు పుల్ల దూర్చి, ఒక్క అగ్గిపుల్ల గీశాడు. అందుకుంది. ఈసారి లేచి వెళ్ళలేదు, వీపు తిప్పలేదు. కట్టెలు కాలి కూలేదాకా కళ్ళార్పకుండా దాని వైపే చూస్తూ కూర్చున్నాడు.