మంచుగోడ మందం

నలభై రెండేళ్ళ కాపురంలో మా ఆయన నన్ను ఒక్క మంచు పండక్కి కూడా తీసుకెళ్ళలేదు. ఈ మాటంటే టోక్యోలో ఉన్న మా చెల్లెలు నమ్మదు. "దేశమంతా రైళ్ళెక్కి మీ అకితాకి వస్తోంది కదే అక్కా, మంచు ఇళ్ళు చూడ్డానికి. నువ్వు గుమ్మంలో ఉండి చూళ్ళేదా?" అంటుంది. నమ్మకపోతే మానె. ఫిబ్రవరి వచ్చిందంటే నాకు కనపడేది పండగ కాదు, స్టవ్ చుట్టూ ఆరేసిన తడి చేతి తొడుగులు. పొద్దున్నే పార భుజాన వేసుకుని పోయిన మనిషి దీపాల వేళకి నడుం పట్టుకుని వచ్చేవారు. పండగెలా ఉందండీ అంటే, "గోడలు బాగా వచ్చాయి" అని పడుకునేవారు.

ఆయన పేరు కుమెజో. వేసవంతా వరి పొలం, చలికాలమంతా మంచు. పిల్లలు కూర్చునే మంచు ఇళ్ళని మేం కమకురాలంటాం. వాటిని కట్టే మా ఊరి బృందంలో ఇరవయ్యారో ఏట చేరారు. రెండు నిలువుల ఎత్తు మంచు గుట్ట పోసి, తొక్కి తొక్కి గట్టిపరిచి, కొన్నాళ్ళు అలా వదిలేస్తారు. బిగుసుకున్నాక మనిషి దూరేంత కన్నం పెట్టి, ఒకడు లోపలికి వెళ్ళి తొలుచుకుంటూ పోతాడు. ఈ లోపలి కోత అందరికీ రాదు. ఎక్కువ తొలిస్తే కూలుతుంది, తక్కువ తొలిస్తే నలుగురు పిల్లలు పట్టరు. గోడ మూరన్నర ఉండాలి. లోపల కూర్చున్నవాడికి గోడ ఇంకా ఎంత మిగిలిందో చెప్పేది వెలుతురే. మందంగా ఉన్నంతసేపూ గోడ నీలంగా ఉంటుందట. పల్చబడేకొద్దీ నీలం విరిగి తెల్లబడుతుందట. మా ఆయన ఆ నీలాన్ని చూసి పార ఆపేవారు. ముప్పయ్యేళ్ళ పైచిలుకు ఆయన తొలిచిన ఇల్లు ఒక్కటీ కుంగలేదు.

ఆ పనితనం ఇంట్లో మాత్రం నా ప్రాణానికొచ్చింది. కంచంలో పెట్టిన టోఫు ముక్కని కిటికీ వైపు ఎత్తి చూసి, "ఇటు పక్క పల్చగా కోశావే" అనేవారు.

"నా టోఫు కింద పిల్లలెవరూ కూర్చోర్లెండి, తినండి" అనేదాన్ని.

పోయినేడాది పండగనాటి పొద్దున, గుడి వీధి పిల్లల కమకురాలోంచి మా ఆయన బయటికొచ్చి, "తూర్పు గోడ తెల్లబడిపోయింది, కూలగొట్టండి" అన్నారట. ఆయన మాటకి మా బృందంలో ఎదురు లేదు. కూలగొట్టారు. తీరా చూస్తే ఆ గోడ మూరన్నర మీద ఇంకో జానెడుంది. ఆ వీధి పిల్లలు ఏడుస్తూ, కూర్చోవడానికి తెచ్చుకున్న చాపలు చుట్టుకుని ఇళ్ళకి పోయారు. ఆ చాపలు చుట్టడం మా ఆయన నిలబడి చూశారు.

వారం తిరక్కుండా కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు. "ఇవి ముదిరితే నీలం రంగే సరిగ్గా ఆనదండీ. చిన్న ఆపరేషను, చేయించుకుంటే సరి" అన్నాడాయన. నాట్లయ్యాక చూద్దామన్నారు మా ఆయన. నాట్లయ్యాయి, కోతలూ అయ్యాయి. నేను చెవిలో జోరీగలా పోరుతుంటే ఒకరోజు కసిరారు.

"కళ్ళు బాగయ్యాక కూడా తప్పు చెప్పాననుకో, అప్పుడు తప్పు దేని మీదికి నెడతావే?"

ఆ తర్వాత ఇంక అడగలేదు నేను.

నవంబరులో బృందం పెద్ద యసుహెయి ఒక సంచి నిండా యాపిల్ పళ్ళు పట్టుకొచ్చాడు. "బాబాయ్, ఈసారి మీరు హాయిగా పండగ చూడండి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూసింది లేదాయె" అన్నాడు. అంత తియ్యగా పని మానిపించడం మా వైపువాళ్ళకే చెల్లింది. మా ఆయన వంగి దణ్ణం పెట్టి పళ్ళు పుచ్చుకున్నారు. వాటిలో ఒక్కటి కూడా ఆయన ముట్టుకోలేదు. అన్నీ నేనే తిన్నాను, యసుహెయిని తిట్టుకుంటూ.

ఫిబ్రవరి వచ్చింది. మా వీధి చివర పారల చప్పుడు మొదలయ్యేసరికి మనిషి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరగడం మొదలుపెట్టారు. మా ఊరి పండగ చూడమంటే చూడరని నాకు తెలుసు. అందుకని, "తకినొసవ వెళ్దాం పదండి. రెండు స్టేషన్లే. మధ్యాహ్నం వెళ్ళి చీకటి పడకుండా వచ్చేద్దాం" అన్నాను.

"వాళ్ళకి గోడలు కట్టడం రాదు."

"మనం కొనడానికి వెళ్ళట్లేదు, చూడ్డానికి వెళ్తున్నాం."

తకినొసవది చిన్న పండగ. వాగు పక్కన వరసగా పన్నెండు కమకురాలు, పిల్లలు జారడానికొక మంచు దిబ్బ, మిసో అనే సోయా ముద్ద పూసి నిప్పుల మీద కాల్చే అన్నం కడ్డీల వాసన. ఎండ బాగా కాస్తోంది. నేను చెరో కడ్డీ కొని వెనక్కి తిరిగేసరికి ఈయన మొదటి కమకురా గోడని పిడికిలితో తడుతున్నారు. ఎక్కణ్ణుంచో వచ్చిన ఇద్దరమ్మాయిలు కెమెరాలు పట్టుకుని వింతగా చూస్తున్నారు.

"ఎందుకు కొడుతున్నారు తాతగారూ? అదేమైనా ఆచారమా?" అనడిగింది ఒకమ్మాయి.

"ఒకరింటికెళ్ళి తలుపు తట్టకుండా లోపలికి పోతామా?" అన్నారీయన.

ఆ పిల్లలిద్దరూ బుద్ధిగా గోడ తట్టి లోపలికి దూరారు. వాళ్ళని చూసి వెనక వచ్చినవాళ్ళూ తట్టారు. కాసేపట్లో వాగు గట్టంతా టకటకలే. ఏడాది తర్వాత మా ఆయన నవ్వడం చూశాను. ఈ మనిషిని ఇలా తిప్పాల్సింది ఎప్పుడో అనుకున్నాను.

చివరి నుంచి రెండో కమకురాలో ముగ్గురు ఆడపిల్లలున్నారు. "రండి రండి, దేవుడికి దణ్ణం పెట్టుకోండి" అని పాటలా పిలిచారు. బూట్లు విప్పి చాప మీదికెక్కాం. వెనక గోడలో తొలిచిన గూట్లో నీటి దేవుడి పలక, దాని ముందు రెండు కమలాపళ్ళు. దణ్ణం పెట్టుకుని కూర్చున్నాక పెద్దపిల్ల సుజుహా, పదేళ్ళుంటాయి, గిన్నెల్లో వేడి వేడి అమజాకె పోసింది. బియ్యం పులియబెట్టి చేసే తియ్యటి గంజి అది, ఒళ్ళంతా వెచ్చబడుతుంది. అందరికన్నా చిన్నది కొనత్సు. ఆరేళ్ళు ఉంటాయో ఉండవో, కుంపటి మీద మోచి, అదే బియ్యపు ముద్ద ముక్క, తిప్పుతూ మావైపే చూస్తోంది, మేం బాగుందంటామా లేదా అని.

"బాగుందమ్మా" అన్నాను నేను. మా ఆయన అనలేదు. గిన్నె చేతిలో అలాగే ఉంది. దేవుడి గూటికి కుడి పక్క గోడ చూస్తున్నారు.

"తొమియే, ఆ గోడ చూడు. ఎలా ఉంది?" అని నా చెవిలో అన్నారు.

"మంచులాగే ఉంది. నాకేం తెలుస్తుంది?"

"నాకు తెల్లగా కనిపిస్తోంది."

నా గుండె జారింది, గోడ గురించి కాదు. "ఊరుకోండి. పోయినేడాది మనూళ్ళో పోయిన పరువు చాలదా? ఇప్పుడు పక్కూళ్ళో కూడానా?" అనేశాను. అనేశాక నాలిక కరుచుకున్నాను గానీ ఏం లాభం, మాట దాటిపోయింది.

ఆయనకి కోపం రాలేదు. కొనత్సు వైపు చూశారు. ఆ పిల్ల కూర్చున్నది సరిగ్గా ఆ గోడ కిందే.

"తప్పయితే నవ్వుతారు. తప్పు కాకపోతే?" అన్నారు మెల్లిగా. తర్వాత గొంతు పెంచి, "అమ్మళ్ళూ, ఈ మామ్మతో బయటికెళ్ళి మీ బృందం పెద్దని పిలుచుకురండి" అన్నారు.

"కుదరదు తాతా. మేం వెళ్తే దేవుడికి తోడెవరుంటారు?" అంది సుజుహా.

"నేనుంటాగా. వెళ్ళండి."

ఆ గొంతు విని పిల్లలు లేచారు. నేనూ లేచాను. ఆయన మాత్రం ఆ లోపలే కూర్చుని ఉన్నారు, గోడని చూస్తూ.

అక్కడి పెద్ద నరుమి. నలభయ్యేళ్ళ భారీ మనిషి. విషయం వినగానే ఒంటికాలి మీద లేచాడు. కమకురా గుమ్మం దగ్గరికొచ్చి వంగి, "ఏంటండీ, పిల్లల్ని బయటికి తోలేశారట?" అన్నాడు. మా ఆయన బయటికి రాగానే ఎగాదిగా చూశాడు. "మీరు పైస్టేషను ఊరి కుమెజో గారు కదూ? పోయినేడాది మంచి ఇంటిని కూల్చింది మీరే కదూ? మీ ఊళ్ళో కూలగొట్టడానికి ఇంకేమీ మిగల్లేదా?"

చుట్టూ మూగినవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. భూమి చీలితే బాగుండుననిపించింది నాకు.

"నేనే బాబూ" అన్నారు మా ఆయన. "నా రెండు కళ్ళలో శుక్లాలున్నాయి. నీలం సరిగ్గా ఆనదు. పోయినేడాది చెప్పింది తప్పు. ఇదీ తప్పే అయ్యుంటుంది. అయినా ఒకసారి తెల్లగా కనిపించాక, పిల్లల్ని దాని కింద వదిలేసి రైలెక్కలేను. గోడ గుచ్చి చూడు."

శుక్లాల సంగతి నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఎత్తని మనిషి, అంతమందిలో అలా చెప్పేశారు.

"దేవుణ్ణి కూర్చోబెట్టాక గోడ గుచ్చమంటారా? మీ ఊళ్ళో గుచ్చుతారా?"

"గుచ్చం. కానీ ఒక్క నిమిషం ఆయన్ని లేవమందాం. కూలితే ఆయన నెత్తిన కూడా పడుతుంది కదా."

నరుమి పళ్ళు నూరుకున్నాడు గానీ కాదనలేకపోయాడు. లోపలికెళ్ళి చేతులు జోడించి, పలకని గుడ్డలో చుట్టి తెచ్చి సుజుహా చేతికిచ్చాడు. ఒక సన్నటి వెదురు బద్ద తెప్పించాడు. బయటినుంచి గుచ్చుతుంటే లోపల ఒకరుండి, మొన కనిపించగానే చెప్పాలి.

"నువ్వెళ్ళవే. నా కళ్ళు పనికిరావు" అన్నారు మా ఆయన.

ఒక్కదాన్నే లోపలికెళ్ళి ఆ గోడకి ముఖం దగ్గరగా పెట్టి కూర్చున్నాను. బయట ఎండ. అది మంచులోంచి వడగట్టుకుని లోపలికొచ్చేసరికి లేత నీలమై, గోడ లోలోపల నిలబడి ఉంది. నలభై రెండేళ్ళు ఈయన పక్కన బతికి, ఆయన చూసేదేమిటో ఆ రోజు చూశాను. ఇంత అందమైనది చూడ్డానికి వెళ్ళిన మనిషినా నేను తడి చేతి తొడుగుల కోసం సాధించింది అనిపించి కళ్ళు చెమర్చాయి. అంతలో గోడ చిట్లి వెదురు మొన బయటపడింది.

"వచ్చింది!" అని అరిచాను.

పట్టుకున్న చోటు వదలకుండా నరుమి బద్దని వెనక్కి లాగి, మోచేతికి పెట్టి కొలిచాడు. మూరన్నర. పైన నాలుగు వేళ్ళు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మా ఆయన నడుం విరిగేలా వంగారు. "చాలా మంచి కోత బాబూ. పొరపాటు నాదే." నరుమి గుప్పెడు మంచు తీసి కన్నం పూడ్చాడు. పలకని మళ్ళీ గూట్లో పెట్టి దణ్ణం పెట్టాడు. జనం చెదిరిపోయారు.

"పదండమ్మా, వెళ్ళి కూర్చోండి" అన్నాడు నరుమి.

పిల్లలు కదల్లేదు.

"తాత పడిపోతుందన్నాడుగా" అంది కొనత్సు.

"గుచ్చి చూశాం కదే! గట్టిగా ఉంది."

"నేను రాను."

మిగతా ఇద్దరూ కూడా ఆ పిల్ల వెనక్కే చేరారు. నరుమి మా ఆయన వైపు తిరిగాడు. "చూశారా పెద్దాయనా, ఏం చేశారో" అన్నాడు. కోపంగా కాదు, నీరసంగా. గట్టిగా తిట్టినా అంత తగిలేది కాదు. గుడి వీధి పిల్లలు చాపలు చుట్టుకుని పోతున్నప్పుడు మా ఆయన ముఖం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు చూశాను.

ఇంటికి పోదాం అనబోయాను. ఈలోపే ఆయన మళ్ళీ బూట్లు విప్పుతున్నారు. "నా గిన్నెలో ఇంకా సగం ఉంది. తాగకుండా ఎలా పోతాను?" అని ఎవరితోనో కాదు, గాలితో అన్నట్టు అని, వంగి లోపలికెళ్ళారు. సరిగ్గా ఇందాక కొనత్సు కూర్చున్న చోట, ఆ గోడ కిందే కూర్చున్నారు.

పిల్లలు గుమ్మంలోంచి తొంగి చూస్తున్నారు. ఆయన గుక్క తాగారు, ఇంకో గుక్క తాగారు. సుజుహా మెల్లిగా లోపలికెళ్ళి, ఇంకా పొయ్యనా తాతా అంది. పొయ్యమన్నారు. రెండో పిల్ల కూడా వెళ్ళింది. కొనత్సు మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడింది.

నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. దగ్గరికెళ్ళాక గానీ తెలియలేదు. ఆయన వీపుకీ గోడకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంది. భుజాలు కొయ్యబారి ఉన్నాయి.

"తొమియే" అన్నారు, పెదవులు కదపకుండా. "నాకింకా తెల్లగానే కనిపిస్తోందే."

నేను తల తిప్పి గోడని పరీక్షగా చూశాను.

"నీలంగా ఉందండీ" అన్నాను.

కాసేపు నా ముఖంలోకి చూశారు.

"అయితే సరే" అని, కళ్ళు గట్టిగా మూసుకుని, వీపు గోడకి పూర్తిగా ఆనించారు. గుమ్మంలో కొనత్సు బూట్లు విప్పడం మొదలుపెట్టింది.