తెల్ల కాగితం మీద సంతకాలు

ఆ ఉదయం గుడివాడ నుంచి విజయవాడ వెళ్ళే బస్సులో నా పక్క సీట్లో అరవై దాటిన ఒకావిడ కూర్చున్నారు. నా ఒళ్ళో ఫైలుంది. మా ఊళ్ళో మురుగు కాలవలు కట్టించమని ఊరందరి తరఫునా నేను రాసిన అర్జీ అది. ఆవిడ ముప్పై ఏళ్ళు పెద్ద పెద్ద కంపెనీలకు లాయరుగా చేశారనీ, ఇప్పుడు పటమటలో వాళ్ళ కాలనీ సంఘానికి ప్రెసిడెంటనీ మాటల్లో తెలిసింది. అంతటావిడ మెచ్చుకుంటే బాగుంటుందని ఫైలు చేతికిచ్చాను.

ఆవిడ చివరి పేజీ నుంచి మొదలుపెట్టారు. అక్కడ సంతకాలు తప్ప ఇంకేమీ లేవు.

"ముందు తెల్ల కాగితం మీద సంతకాలు పెట్టించి, అర్జీ తర్వాత టైపు చేయించారు కదండీ?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మా ఊళ్ళో అంతా ఇలాగే చేస్తామండీ. నా మీద నమ్మకంతోనే పెట్టారు."

"నమ్మినవాళ్ళకే కదండీ ముందు చదివి వినిపించాల్సింది! కంపెనీలవాళ్ళకైతే ప్రతి లైనూ చదివి చెప్పేదాన్ని. మా కాలనీకొచ్చేసరికి నేనూ ఇలాగే చేశాను. పార్కు కావాలని రాసిచ్చాను. తీరా చూస్తే వాళ్ళకు కావలసింది వీధి దీపాలు."

ఫైలు మూసి, రెండు చేతులతో నాకు తిరిగిచ్చారు. పేరైనా అడగలేదు నేను.

బస్టాండులో దిగి, అర్జీ ఇవ్వాల్సిన ఆఫీసుకు వెళ్ళకుండా, కోపంతోనే తిరుగు బస్సెక్కాను. సాయంత్రం సంతకాలు పెట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అర్జీ చదవడం మొదలుపెట్టాను. మూడో ఇంట్లో మరియమ్మ గారు అరుగు మీద కూర్చుని చివరిదాకా విన్నారు.

"బాగా రాశావయ్యా. మరి మా వీధి పేరు లేదేంటి?"

ఆ తెల్ల కాగితం మీద మొదటి సంతకం మరియమ్మ గారిదే.