వడ్లు ఎండేదాకా వాక్యం

మా బాపుకు ప్రసంగం మొదలైన పది నిమిషాలకే కునుకు పట్టేది. అలాంటి మనిషి ఆ బుధవారం కూడిక ముగిసే వేళ లేచి నిలబడి, "అయ్యగారూ, జర ఇంకింత చెప్పుండ్రి" అన్నాడు. అవ్వ మొగుడి దిక్కు చూడలేక తల దించుకుంది. నాకు నవ్వు ఆగలేదు.

సంగతేమిటంటే, హుస్నాబాద్ దగ్గర మా ఊళ్లో వరి కోయగానే ముసురు పట్టింది. అవ్వ బెంగంతా విత్తనాలకని పక్కకు తీసిన రెండు బస్తాల మీదే. కిందటేడు విత్తనం వడ్లను బాపు మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద పోసి, ఒక్క రోజులోనే గలగలలాడేలా ఎండబెట్టాడు. చూడ్డానికి బంగారమే. తడిగోనెలో వంద గింజలు కట్టి చూస్తే పాతిక కూడా మొలవలేదు. రోడ్డు వేడికి లోపల ప్రాణం పోయింది. అప్పుడు అవ్వ నారు కోసం ఇల్లిల్లూ తిరిగి అడిగింది. "మల్లొకసారి ఎవ్వల గడప తొక్క, చెప్తున్న" అని ఈసారి తెగేసి చెప్పింది.

విత్తనం నీడలో, గాలికి, తీరిగ్గా ఎండాలి. కుప్పగా ఉంచితే లోలోపల ఉడికి ముక్కిపోతుంది. మా ఊళ్లో అంత నీడ, ఎనిమిది ఫ్యాన్లు ఉన్నది చర్చి ఒక్కటే. వెనక భాగంలో వడ్లు పోసుకోమన్నారు పాస్టర్‌గారు. కానీ స్విచ్చులు సంఘపెద్ద చేతిలో ఉండేవి. ఆమెన్ అనడం, ఫ్యాన్లు ఆపడం ఆయనకు ఒకటే పని. బాప్తిస్మం లేని వడ్లకు గాలెందుకని ఆయన వాదన.

దాంతో మా ఇంటిల్లిపాదికీ భక్తి ముంచుకొచ్చింది. రోజుకో సాకుతో కూడిక పెట్టించాం, ఆఖరికి బర్రె ఈనినందుకు స్తుతి కూడిక కూడా. అది ఈని అప్పటికి ఏడాది. పాటలప్పుడు అవ్వ వెనక వడ్లలో కాళ్లీడుస్తూ అటూ ఇటూ నడిచి గింజలు తిప్పేది. ఆమెకు ఆత్మావేశం వచ్చిందనుకుని ముసలమ్మలు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టేవాళ్లు. పాస్టర్‌గారిది సన్నని గొంతు. ఆ వారం ఆ గొంతే ఖంగుమని మోగింది, రోజూ సృష్టి దగ్గర నుంచి ఎత్తుకునేవారు. బాపు ఒక గింజ కొరికి చూసి, తల అడ్డంగా ఊపేవాడు. ఇంకో అరగంట.

ఆరో రోజు గింజ కటుక్కుమంది. బాపు చర్చి అదిరేలా "ఆమెన్" అన్నాడు. ప్రసంగం ఇంకా సగంలోనే ఉంది.

వందలో తొంభై పైనే మొలిచాయి. గోనె విప్పి చూసి అవ్వ ఏడ్చేసింది. తర్వాత ఆమెకు సిగ్గు పట్టుకుంది. మొలకలు కొంగులో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని పాస్టర్‌గారింటికి పోయింది.

"తప్పయింది అయ్యగారూ. భక్తితోని కాదు, వడ్లు ఎండాల్నని అడిగినం."

ఆయన ఒక మొలకను తీసి అరచేతిలో పెట్టుకున్నారు.

"మొదటి దినమే ఎరుకైందమ్మా" అన్నారు. "అయినా నన్ను ఇంకింత చెప్పుమన్నోళ్లు ఇన్నేండ్లల్ల మీరొక్కలే." మొలకను జాగ్రత్తగా అవ్వ కొంగులో వేసి, "మల్లొచ్చే యాసంగి పంట కోత ఎప్పుడు పెట్టుకుంటరు?" అని అడిగారు.